మావయ్య బల్ల కింద మెట్రో

మా ఇంట్లో కార్ఖానా గది ఊడ్చిన దుమ్ము పారేయరు. బరంపురంలో కంసాలి ఇల్లు ఏదైనా అంతే. ఆకురాయితో గీకినప్పుడు రాలిన పొడి, రంపం కోతలో ఎగిరిన నలుసులు, కుంపటి బూడిద, అన్నీ కలిపి ఒక డబ్బాలో పోసి మూత పెడతారు. ఏడాదికో రెండేళ్లకో జలకడుగు వాళ్లు వస్తే బేరమాడి ఇస్తారు, వాళ్లు దాన్ని కడిగి కడిగి అందులోంచి బంగారం తీస్తారు. ఆ గదికి చీపురు కూడా వేరే. చిన్నప్పుడు కాళ్లు దులుపుకోకుండా ఆ గదిలోంచి బయటికొస్తే నాన్న వీపు మీద ఒకటేసేవాడు, "నీ కాళ్లకి అంటుకుని ఎంత పోతోందో తెలుసా" అని. కలకత్తా మెట్రో గురించి రాద్దామని కూర్చుంటే నాకు మొదట గుర్తొచ్చింది రైలు కాదు, ఆ దుమ్ము డబ్బా. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదవండి.

మా చిన్న మావయ్య 1979లో, పదహారేళ్ల వయసులో కలకత్తా వెళ్లాడు. మా ఊళ్లో పని లేక కాదు. బెంగాలీ వాళ్ల సన్నపని నేర్చుకుంటే చేతికి గిరాకీ ఉంటుందని తాతయ్య పంపాడు. బయటివాళ్లకి ఇది వింతగా ఉంటుందేమో, తెలుగువాళ్లయి ఉండి హైదరాబాదో విజయవాడో పోకుండా కలకత్తా ఏమిటని. బరంపురం ఉన్న గంజాం జిల్లా వాళ్లకి అది వింత కాదు. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం, తర్వాత ఒరిస్సాలోకి వచ్చాం, ఇంట్లో తెలుగు, బళ్లో ఒరియా, కానీ రైలెక్కితే మాకు హైదరాబాద్ కంటే హౌరాయే దగ్గర. మా వీధిలో ప్రతి నాలుగో ఇంటికి కలకత్తాలో ఎవరో ఒకరు ఉండేవారు.

మావయ్య చేరింది బౌబజార్‌లో. చూడనివాళ్ల కోసం చెప్తున్నాను, సియాల్దా స్టేషన్ నుంచి పడమర వైపు బిపిన్ బిహారీ గంగూలీ స్ట్రీట్ అని ఒక రోడ్డు వెళ్తుంది, దానికి రెండు వైపులా నగల షాపులే. అద్దాలు, లైట్లు అన్నీ రోడ్డు మీదే. అసలు పని జరిగేది వెనక సందుల్లో, నూరేళ్లు దాటిన ఇళ్లలో, చెక్క మెట్లెక్కి వెళ్లే చీకటి గదుల్లో. ఆ సందుల్లో ఒకదాని పేరు స్యాకరా పాడా లేన్. స్యాకరా అంటే కంసాలి, పాడా అంటే పేట. మన భాషలో చెప్పాలంటే కంసాలి పేట, అంతే. దుర్గా పిథూరీ లేన్, గౌర్ దే లేన్ కూడా ఆ పక్కనే. ఈ మూడు పేర్లూ 2019లో దేశంలోని పేపర్లన్నిట్లో వచ్చాయి.

ఆ సందుల్లో పని ఎలా సాగుతుందో చెప్పకపోతే తర్వాత చెప్పబోయేది అర్థం కాదు. ఒక గొలుసు ఒక్కడి చేతిలో తయారు కాదక్కడ. మూసలో బంగారం కరిగించేవాడు ఒకడు, కమ్మచ్చులో తీగ లాగేవాడు ఇంకొకడు. లంకెలు అల్లేవాడు వేరే, వాటికి మాటు పెట్టి అతికేవాడు వేరే, మెరుగు పెట్టేవాడు పక్క సందులో, రాళ్లు పొదిగేవాడు ఎదురింటి మేడ మీద, ముద్ర వేయించుకొచ్చే కుర్రాడు కింద టీ కొట్టు దగ్గర ఎప్పుడు చూసినా రెడీగా. పొద్దున బయల్దేరిన తీగచుట్ట సాయంత్రానికి ఆరేడు చేతులు మారి గొలుసై షాపుకి చేరుతుంది, అదీ అంతా కలిపి మూడు వందల అడుగుల దూరంలో. వీళ్లందరికీ పొద్దున్నే కచోరీ అమ్మేవాడు, మధ్యాహ్నం అన్నం మెస్సు నడిపే ముసలావిడ, బొగ్గు, వెలిగారం, ఆసిడ్ అమ్మే కొట్టువాడు. ఎక్కువమంది మేదినీపూర్ వైపు నుంచి వచ్చిన కారీగర్లు, అంటే చేతిపనివాళ్లు, ఘాటాల్, దాస్‌పూర్ కుర్రాళ్లు. వాళ్ల మధ్య మా మావయ్యలాంటి తెలుగువాళ్లు ఇద్దరో ముగ్గురో.

మావయ్యకి సొంత గది ఎప్పుడూ లేదు. కార్ఖానాలో ఒక బల్ల అద్దెకి తీసుకునేవాడు. గదంతా ఒకడు అద్దెకి తీసుకుంటాడు, అందులో ఎనిమిది బల్లలు వేస్తాడు, ఒక్కో బల్లకి నెలకింత. పగలు ఆ బల్ల దగ్గర పని, రాత్రి అదే బల్ల పక్కన చాప. రసీదు అంటూ ఏమీ ఉండదు, మాటే. బంగారం మహాజన్, అంటే పని ఇచ్చే వ్యాపారి, ఇస్తాడు, నగ చేసి తూకం అప్పజెప్తే మజూరీ, నేల ఊడ్చిన దుమ్ము మాత్రం ఎవరి బల్ల కిందది వాళ్లది. ఈ ఆఖరి లెక్క మీద మావయ్యకి చాలా పట్టు.

మావయ్య వెళ్లేసరికే కలకత్తాలో మెట్రో తవ్వుతున్నారు. దేశంలో మొదటి మెట్రో అది, 1972 డిసెంబర్ 29న ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు, 1984 అక్టోబర్ 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా మూడున్నర కిలోమీటర్లకి కొంచెం తక్కువ రైలు నడిచింది. మధ్యలో పన్నెండేళ్లు. అప్పట్లో ఎక్కువ భాగం రోడ్డుని పైనుంచి తవ్వేయడమే పద్ధతి, నడి రోడ్డు మీద కాలువలాగ తవ్వి, లోపల సిమెంటు పెట్టె కట్టి, మళ్లీ మట్టి కప్పేయడం. సెంట్రల్ ఎవెన్యూ తవ్వినప్పుడు చెక్క పలకల మీద నడిచి రోడ్డు దాటేవాళ్లమని, వానాకాలం ఆ గోతిలో నీళ్లు నిండితే పిల్లలు కాగితం పడవలు వదిలేవారని, గోతి ఎదురుగా ఉన్న షాపులవాళ్లు ఏళ్ల తరబడి ఈగలు తోలుకున్నారని చెప్పేవాడు. దమ్‌దమ్ నుంచి టాలీగంజ్ దాకా మొత్తం లైను పూర్తయ్యేసరికి 1995 వచ్చింది. సెలవులకి బరంపురం వచ్చినప్పుడల్లా "అయిందా మావయ్యా మీ మెట్రో" అని అడగడం మాకొక ఆట.

కాబట్టి రెండో లైను, ఈస్ట్ వెస్ట్ మెట్రో అన్నప్పుడు అక్కడివాళ్లు మొదట భయపడ్డారు, తర్వాత ఊపిరి పీల్చుకున్నారు. ఈసారి రోడ్డు తవ్వరట, మిషను భూమిలో దూరి లోపల్లోపలే వెళ్లిపోతుందట, పైన మనకి తెలియను కూడా తెలియదట. 2009లో పునాదిరాయి వేశారు. హౌరా మైదాన్ నుంచి సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్ దాకా 16.6 కిలోమీటర్లు, అందులో 10.8 భూమి లోపల, హుగ్లీ నది కింద నుంచి కూడా. మొదట్లో 4,874 కోట్లు అనుకున్నది చివరికి పది వేల కోట్లు దాటింది, అది వేరే కథ.

అసలు కథలో ఒక మలుపు ఉంది. మొదటి ప్లాన్లో లైను పాత మెట్రోని సెంట్రల్ స్టేషన్ దగ్గర కలవాలి. అక్కడ ఇళ్లు, షాపులు తీసేయాల్సి వస్తుందని గొడవ, స్థలం దొరక్క ఏళ్లు గడిచాయి, చివరికి లైనుని దక్షిణం వైపు తిప్పి ఎస్ప్లనేడ్‌లో కలిపారు. ఎస్ప్లనేడ్ నుంచి మళ్లీ సియాల్దా చేరాలి కదా, అందుకని సొరంగం వంకర తిరిగి బౌబజార్ పాత ఇళ్ల కిందికి వచ్చింది. ఆ మార్పు మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ వాదించుకుంటారు, నాకు తెలిసినంతలో ఎటు తిప్పినా ఎవరో ఒకరి ఇంటి కింద నుంచే పోవాలి, కలకత్తాలో ఖాళీ నేల ఎక్కడుంది గనక. నన్ను ఆపేది ఇంకోటి. బ్రాబోర్న్ రోడ్డు దగ్గర పాత యూదు ప్రార్థనా మందిరాలు ఉన్నాయి, రక్షిత కట్టడాలు, వాటి దగ్గరగా వెళ్లడానికి పురావస్తు శాఖ అనుమతి తెచ్చుకుని జాగ్రత్తగా దాటించారు. అలాగే చేయాలి, అందులో తప్పు లేదు. కంసాలి పేటకి రక్షిత కట్టడమని బోర్డు లేదు కదా.

2017లో నది కింద సొరంగం అయిపోయింది, 520 మీటర్లు, రెండు మిషన్లు, వాటి పేర్లు ప్రేరణ, రచన. నది కిందే ఏమీ కాలేదు ఇంక ఊరి కింద ఏమవుతుందిలే అని అందరికీ ధైర్యం వచ్చింది. ఎస్ప్లనేడ్ నుంచి సియాల్దా వైపు బయల్దేరిన మిషన్లు చండి, ఊర్వి.

2019 ఎండాకాలం తర్వాత ఫోన్లో మావయ్య ఒక మాట అనేవాడు. కాటా నిలవడం లేదురా అని. కంసాలి కాటా మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది, ఫ్యాను గాలికే అంకెలు ఊగుతాయి, అందుకే గాజు పెట్టెలో పెడతారు. ఆ పెట్టె మూసినా ఆఖరి అంకె కుదురుగా ఉండటం లేదట. అది మిషను వల్లో, రోడ్డు మీద లారీల వల్లో, ముసలి కాటా వల్లో నేను చెప్పలేను, మావయ్య కూడా చెప్పలేడు. ఇంటి గోడలకి మాత్రం ఎవరో వచ్చి చిన్న చిన్న గుర్తులు అంటించి వెళ్లారట, రోజూ దూరం నుంచి మిషను పెట్టి చూసి రాసుకుంటున్నారట. "మంచిదేగా, చూస్తున్నారంటే భయం లేదన్నమాట" అన్నాను. ఆ మాట అన్నది నేనే, అందుకే రాస్తున్నాను.

ఆగస్టు 31, శనివారం సాయంత్రం. రెండ్రోజుల్లో వినాయక చవితి. కలకత్తాలో అది పెద్ద పండగ కాదు, కానీ దుర్గాపూజ, ధన్‌తేరస్ ఆర్డర్లతో కార్ఖానాలు రాత్రింబవళ్లు నడిచే కాలం. దుర్గా పిథూరీ లేన్ కింద చండి నీళ్లున్న పొరని తాకింది. నీళ్లతో పాటు మెత్తటి ఇసుక మట్టి సొరంగంలోకి కొట్టుకొచ్చింది. పైన ఇళ్లు ఒరిగాయి, బీటలు వారాయి, కొన్ని కూలిపోయాయి. వందల మందిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించి హోటళ్లలో పెట్టారు.

దీన్ని నాకు అర్థమయ్యేలా చెప్పింది చెన్నై మెట్రో సొరంగంలో మూడేళ్లు పనిచేసిన మా ఊరి డిప్లొమా కుర్రాడు. మిషను అంటే పెద్ద రేకు డబ్బా అనుకో అన్నా, ముందు మూతకి పళ్లుంటాయి, తిరుగుతూ మట్టిని కోస్తుంది, వెనకాల సిమెంటు ముక్కల్ని గాజుల్లాగ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతారు, గాజుకీ మట్టికీ మధ్య సందు ఉంటే అందులోకి సిమెంటు పాలు ఎక్కిస్తారు. ముందున్న మట్టి ఎంత నెడుతుందో మిషను కూడా అంతే బలంగా నెట్టి నిలబడాలి, తక్కువైతే మట్టి లోపలికి వస్తుంది, ఎక్కువైతే రోడ్డు పైకి ఉబుకుతుంది. బంకమట్టిలో సుఖంగా పోతుంది. మధ్యలో ఒత్తిడితో ఉన్న నీళ్ల ఇసుక తగిలిందంటే నీరు సందు వెతుక్కుంటుంది. "గోపాలపూర్ బీచిలో తడి ఇసుకలో కాలు పెట్టి పైన గూడు కడతాం కదన్నా, కాలు నెమ్మదిగా తీస్తే గూడు ఉంటుంది, కాలి పక్కనుంచి అల వస్తే?" అన్నాడు. చాలు, అర్థమైంది. 2017 ఏప్రిల్లో చెన్నై అన్నా సాలైలో రోడ్డు కుంగి బస్సు, కారు గుంటలో దిగబడ్డాయి గుర్తుందా, అదీ సొరంగం మీదే. బౌబజార్‌లో నీటిని ఆపడానికి సొరంగంలో అడ్డుగోడ కట్టి లోపలే నీళ్లు నింపారు, లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికి సమానమైతే గానీ మట్టి కదలడం ఆగదు కాబట్టి. రోజుల పాటు ఆ పనే. చండి మాత్రం అక్కడే ఇరుక్కుపోయింది.

మావయ్యకి ఫోన్ తగల్లేదు ఆ రాత్రి. అమ్మ టెన్షన్‌తో ఉండలేక నన్ను మర్నాడు దొరికిన రైలెక్కించేసింది, చవితి పూజ కూడా లేదు నాకు ఆ ఏడు. సంచిలో అప్పడాలు, ఆవకాయ కుక్కింది. ఇళ్లు కూలిన చోటికి అప్పడాలు ఎందుకే అంటే వినదు.

వెళ్లేసరికి గంగూలీ స్ట్రీట్ సగం మూసేశారు, సందుల మొదట్లో ఇనప రేకులు, పోలీసులు. ఇటువైపు జనం. ఏడవడం తక్కువ, నిలబడి చూడటం ఎక్కువ. ఒకాయన చేతిలో కరెంటు బిల్లు, ఒకావిడ చేతిలో పంజరంలో చిలక. మావయ్య ఎదుటి ఫుట్‌పాత్ మీద మెస్సు ముసలావిడ పక్కన కూర్చుని ఉన్నాడు, మొదటి రోజు వేసుకున్న బనియన్‌తోనే. నన్ను చూసి లేవలేదు. "వచ్చావా అల్లుడూ. తిజోరీలో మహాజన్ బంగారం అరవై గ్రాములు ఉందిరా" అన్నాడు. అదీ మొదటి మాట. తను బతికాడు, వాళ్ల గది కూలలేదు, గోడకి చెయ్యి పట్టేంత పగులు వచ్చింది, కానీ లోపలికి పోనివ్వరు. అరవై గ్రాములు పోతే తిరిగి కట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేసుకుంటున్నాడు వేళ్ల మీద.

రెండ్రోజుల తర్వాత ఇంటికొకరిని చొప్పున నెత్తిన హెల్మెట్ పెట్టి, పోలీసుని తోడిచ్చి, కొద్ది నిమిషాలు టైమిచ్చి లోపలికి పంపారు, ముఖ్యమైనవి తెచ్చుకోమని. ఆ కొద్ది నిమిషాల్లో ఎవరెవరు ఏం తెచ్చుకున్నారో చూడాలి మీరు. ఒకడు టీవీ మోసుకొచ్చాడు. ఒక పెద్దావిడ గోపాలుడి బొమ్మ, రేషన్ కార్డు. మా కార్ఖానా తరఫున వెళ్లింది గది అద్దెకి తీసుకున్న మేస్త్రీ. తిజోరీ ఖాళీ చేసి సంచిలో తెచ్చాడు, ఎవరి తూకం వాళ్లకి ఇచ్చాడు, ఆ విషయంలో అతన్ని ఒక్క మాట అనడానికి లేదు. మావయ్య ఊదుగొట్టం, పట్టకార్లు కూడా తెచ్చాడు. మావయ్య ఆ వస్తువులు చూసుకుని, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు, "నా బల్ల కింద డబ్బా?" అని. మేస్త్రీ నవ్వాడు, వెక్కిరింపుగా కాదు, ఆ పరిస్థితిలో దుమ్ము గురించి అడిగినందుకు నవ్వొచ్చింది పాపం. మావయ్య కూడా నవ్వాడు. ఆ డబ్బాలో మూడేళ్ల దుమ్ము ఉంది, మా మేనకోడలి పెళ్లికి దాన్ని కడిగిస్తానని ముందే మాటిచ్చాడు అత్తకి.

ప్రభుత్వంతో మాట్లాడాక మెట్రో వాళ్లు బాధిత కుటుంబాలకి ఐదేసి లక్షలు ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. అక్కడే చిక్కు మొదలైంది. కుటుంబం అంటే ఎవరు? ఇల్లు ఎవరిదో వాళ్లకి కాగితం ఉంది. పాత అద్దెవాళ్లకి రసీదులు ఉన్నాయి. గది తీసుకున్న మేస్త్రీకి ట్రేడ్ లైసెన్స్ ఉంది. ఆ గదిలో నలభై ఏళ్లు పనిచేసిన మనిషికి ఆ వీధిలో ఉన్నట్టు రుజువు ఏమీ లేదు. ఆధార్ మీద బరంపురం అడ్రసు, ఓటు బరంపురంలో. "నేను ఇక్కడే ఉంటానని అందరికీ తెలుసు" అంటాడు మావయ్య. అందరూ అంటే టీ కొట్టువాడు, మెరుగువాడు, మెస్సు ముసలావిడ, వాళ్లకే కాగితం లేదు మళ్లీ. మేస్త్రీని లెటర్ ఇమ్మంటే తనకి వచ్చేది ఎక్కడ తగ్గుతుందో అని జంకాడు, ఇదిగో అదిగో అన్నాడు, ఇవ్వలేదు. అతని మీద నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది, కానీ ఎనిమిది మందికి లెటర్లు ఇస్తే అన్ని బల్లలకి అనుమతి ఎక్కడిదని అతన్నే అడుగుతారన్నది కూడా నిజమే. నేను మాత్రం ఏం చేశాను? పదేళ్లుగా మావయ్య ఫోన్ చేస్తుంటే ఒక్కసారైనా అద్దె చీటీ రాయించుకోమని చెప్పానా?

ఇళ్లు పోయినవాళ్ల బాధ చిన్నదని కాదు. ఇరవైకి పైగా ఇళ్లు మళ్లీ కట్టాల్సి వచ్చింది, పుట్టి పెరిగిన ఇంటిని కళ్లముందు మిషను పెట్టి కూల్చేస్తుంటే చూసినవాళ్లున్నారు. నేననేది ఏమిటంటే, ఆ వీధిలో విరిగింది ఇటుకలు ఒక్కటే కాదు. ముందు చెప్పాను చూడండి, మూడు వందల అడుగుల్లో ఆరేడు చేతులు. ఖాళీ చేయించాక తీగ లాగేవాడు ఊరికి ఉత్తరాన ఉన్న సింథికి పోయాడు, మాటు పెట్టేవాడు ఊరెళ్లిపోయాడు, మెరుగువాడు బడాబజార్‌లో ఎక్కడో చేరాడు. ఇప్పుడు గొలుసు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోవాలంటే బస్సెక్కాలి, బంగారం జేబులో పెట్టుకుని బస్సెక్కాలి. ఒక రోజు పని మూడు రోజులైంది. దీనికి నష్టపరిహారం లెక్క కట్టాలంటే ఏ దరఖాస్తులో ఏ గడిలో రాస్తారు? మెస్సు ముసలావిడకి రోజూ నలభై మంది తినేవారు, ఆవిడ గది చెక్కుచెదరలేదు, అందుకని ఆవిడ బాధితురాలు కాదు. తినేవాళ్లే లేరు.

సెప్టెంబర్లో విశ్వకర్మ పూజ. కలకత్తాలో ఆ రోజు ఆకాశం నిండా గాలిపటాలు. వీళ్ల విశ్వకర్మ పటం లోపలే ఉండిపోయింది, రేకుల ఇవతల ఫుట్‌పాత్ మీద సుత్తి, ఊదుగొట్టం పెట్టి బొట్టుపెట్టి పూజ చేశారట, మావయ్య ఫోటో పంపాడు.

తర్వాతవి గబగబా చెప్పేస్తాను. ఊర్వి తన సొరంగం పూర్తి చేసుకుని 2020 అక్టోబర్లో సియాల్దా చేరింది, చండి వదిలేసిన మిగతా ముక్క కూడా దాన్నే వెనక్కి తిప్పి తవ్వించారు, 2021 మేలో అయింది. మిషన్లని బయటికి తీయడానికి బౌబజార్లో పెద్ద బావి తవ్వారు, 2022 మే 11న ఆ బావి అడుగున పని చేస్తుంటే నీళ్లు ఊరి మళ్లీ దుర్గా పిథూరీ లేన్ ఇళ్లకి బీటలు. అక్టోబర్ 14న మదన్ దత్తా లేన్లో. మూడుసార్లు. మొదటిసారి ఎవరూ ఊహించలేదంటే ఒప్పుకోవచ్చు. మూడోసారికి కూడా జనం తెల్లవారుజామున పిల్లల్ని ఎత్తుకుని మెట్లు దిగడం ఏమిటో నాకు అర్థం కాదు, డిప్లొమా కుర్రాడు ఎంత చెప్పినా అర్థం కాదు.

మావయ్య మధ్యలో కరోనా టైముకి బరంపురం వచ్చేశాడు. ఇక్కడే ఉండిపో, ఇంట్లో బల్ల ఉంది కదా అని అందరం అన్నాం. ఎనిమిది నెలలు ఉన్నాడు. మా ఊరి పని మొరటుగా ఉంటుందని పేరు పెట్టి, అత్త చేత తిట్లు తిని, మళ్లీ వెళ్లాడు. ఈసారి సింథిలో బల్ల.

2025 ఆగస్టు 22న ఎస్ప్లనేడ్ సియాల్దా ముక్క కూడా మొదలైంది, అంటే హౌరా మైదాన్ నుంచి సెక్టార్ ఫైవ్ దాకా మొత్తం లైను. దసరాకి ముందు నేను వెళ్లాను. మావయ్య హౌరా స్టేషన్‌కే వచ్చాడు ఎదురు, మెట్రో ఎక్కిస్తానని పట్టుబట్టి, సొంతంగా కట్టించినవాడిలాగ. హౌరా మెట్రో స్టేషన్ ముప్పై మీటర్లకి పైగా లోతు, ఎస్కలేటర్ మీద దిగుతూ ఉంటే దిగుతూనే ఉంటాం. నది కింద వచ్చినప్పుడు కిటికీలోంచి నీలం లైట్లు కనిపిస్తాయి, పిల్లలందరూ ఒక్కసారి అరిచారు, మావయ్య కూడా నా మోచేయి పొడిచాడు చూడు చూడు అని. ముక్కాలు నిమిషంలో నది అయిపోయింది. హౌరా నుంచి సియాల్దా పన్నెండు నిమిషాలు. ఇదే దూరం ఆ రోజు నేను అప్పడాల సంచితో బస్సులో గంటకి పైగా వెళ్లాను. బాగుంది, చాలా బాగుంది, బాగాలేదంటే అబద్ధం. మేదినీపూర్ కుర్రాళ్లు హౌరాలో దిగి ఇదే రైల్లో పనికి పోతున్నారు. మెట్రో వద్దు అనేవాళ్లని నేను ఆ వీధిలో కూడా చూడలేదు.

ఎస్ప్లనేడ్ దాటాక రైలు వంపు తిరుగుతుంది, కొంచెం కీచుమంటుంది. మావయ్య మాటలాపి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు. "ఇప్పుడు. నా బల్ల కిందున్నాం రా" అన్నాడు. "ఎలా తెలుసు?" అంటే ఆ రైల్లో పదిసార్లు తిరిగి చూసుకున్నాడట, వంపు తర్వాత ఎన్ని అంకెలకో. కిటికీలో నల్లటి గోడ తప్ప ఏమీ లేదు. నేను ఏమనాలో తెలియక "నీ డబ్బా కూడా ఈ పైనే ఎక్కడో ఉందన్నమాట" అన్నాను. "డబ్బా ఎక్కడుంది, ఆ ఇల్లు పడగొట్టి మట్టంతా లారీల్లో ఎత్తుకుపోయారుగా. ఎవడి గుంతలో పోశారో, వాడి ఇల్లు బంగారం కానూ" అని నవ్వాడు, పక్కనున్న బెంగాలీ ఆయన మా వైపు తిరిగి చూశాడు.

సియాల్దాలో దిగి సింథికి బస్సులో వెళ్లాం. కొత్త కార్ఖానా కొంచెం వెలుతురుగా ఉంది, ఆరు బల్లలు. నేను మావయ్యని బతిమాలి, కార్ఖానా ఆయన్ని బతిమాలి, స్టాంపు కాగితం మీద అద్దె చీటీ రాయించాను, ఫలానా మనిషి ఫలానా తేదీ నుంచి ఇక్కడ బల్ల అద్దెకి ఉంటున్నాడు అని. సంతకాలు అయ్యాక చూస్తే మా ఇంటిపేరు బెంగాలీ వాళ్లు పలికినట్టు రాసేశారు, ఆధార్లో ఉన్నదానికీ దీనికీ పొంతన లేదు. దిద్దించమని చెప్పి వచ్చాను. వారానికోసారి ఫోన్లో అడుగుతున్నాను, పూజ ఆర్డర్లు అయిపోనీ అంటున్నాడు.